అమైనో ఆమ్లవాహకము – వంశారోగ్యము
(వార్షిక మహాసభ రెండవనాడు గావించిన యుపన్యాసము)

  

 కార్యదర్శిగారు నన్ను "విద్యావినయములు" అను విషయమును గూర్చి ముచ్చటింపుమని కోరిరి. ముప్పదినాలుగేండ్లు పిల్లలకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పినవాడను గాన, అది నాకు తేలికయైన విషయమే. కాని యీసారి వేరొక విషయమునకు అనుజ్ఞ వేడితిని. మన దేహమునందు అన్నసారమును మోయు నొక మాంసకృత్తును గూర్చి, దానిని శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో మరల నిర్మించుటను గూర్చి, దానికిని మన పెండ్లిండ్లకును గల సంబంధమును గూర్చి నేడు చెప్పదలచితిని. వ్యాకరణము చదివినవానికి ఈ ప్రసంగమేల యని మీరు శంకింపవచ్చును. దీనికి మూలము మా యింటనే యున్నది. కావున అక్కడనే మొదలిడెదను.

మా అక్కగారిని మా మేనమామగారికే యిచ్చి వివాహము చేసిరి. ఆస్తి చెదరదు, ఆడపిల్ల కన్నులయెదుట నుండును, అత్త వేఱు అమ్మమ్మ వేఱు గాదు. నాడు అది వింతగాదు, నేడును వింతగాదు. వారి పెద్దకుమారుడు 1978లో జన్మించెను. వాడు ఏడేండ్లవాడగునప్పటికి, 1985వ సంవత్సరపు వేసవిలో, ముఖమునను, మెడచుట్టును, ముంజేతులయందును ఎఱ్ఱని మచ్చలు లేచి, నల్లబడి, పొలుసులుగట్టెను. ఎండ తగిలినచోటనే యట్లగుచుండెను. చొక్కా క్రింది చర్మము చక్కగానే యుండెను. జ్వరము వచ్చినప్పుడెల్ల నడక తడబడి పిల్లవాడు తూలుచుండెను. కొందఱు కుష్ఠమనిరి. కొందఱు సర్పదోషమనిరి. తాయెత్తులు కట్టించితిమి, మ్రొక్కులు మ్రొక్కితిమి.

ఆ యేట నేను ఆ యూరి పాఠశాలయందే ఉపాధ్యాయుడను. తక్కిన పిల్లల తల్లిదండ్రులు వచ్చి మొఱవెట్టుకొనగా, నా మేనల్లుని నేనే తలుపుప్రక్కను వేఱుగా చాపవేసి కూర్చుండబెట్టితిని. వాడు నావంక జూచి, "మామయ్యా, నేనేమి తప్పుచేసితిని?" అని యడిగెను. నాకడ బదులు లేకపోయెను. నలువదియేండ్లుగా ఆ ప్రశ్న నన్ను విడువలేదు. నేటి నా యుపన్యాసము దానికి బదులే.

చివరకు పిల్లవానిని నగరమునందలి యొక పెద్ద ఆసుపత్రికి గొనిపోయితిమి. అచ్చటి వైద్యుడు మచ్చలను జూడగనే పెల్లాగ్రా యనెను. ఇది ఏమి వ్యాధియో ముందు చెప్పవలసియున్నది. 1735లో స్పెయిను దేశపు కాసల్ అను వైద్యుడు దీనిని తొలుత వర్ణించెను. మొక్కజొన్నయే ముఖ్యాహారముగా గల పేదప్రజలయందు ఇది వ్యాపించుచుండెను. అంటువ్యాధియని లోకము భ్రమించుచుండగా, అమెరికాయందు గోల్డ్‌బర్గరు అను వైద్యుడు 1915 ప్రాంతమున ప్రయోగములు చేసి, ఇది ఆహారలోపముచేతనే కలుగునని చూపెను. 1937లో ఎల్వేజెమ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నికోటినికామ్లము ఈ జాతి వ్యాధిని మాన్పునని కుక్కలయందు నిరూపించెను. దానినే నేడు నయాసిన్ అనియు, బి3 విటమిన్ అనియు పిలుచుచున్నారు.

మన దక్కను పీఠభూమియందును ఇది లేకపోలేదు. జొన్నయన్నమే గతియైన బీదకుటుంబములయందు ఇది కనబడుచుండెను. హైదరాబాదునందలి పౌష్టికాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతయ్య అను విద్వాంసులు దీనిని పరిశీలించి, జొన్నయందు ల్యూసిన్ అను నమైనో ఆమ్లము మిక్కుటముగా నుండుటయే కారణమని 1960లో ప్రతిపాదించిరి. పిమ్మట కొందఱు పండితులు ఈ మతమును పూర్తిగా అంగీకరింపకపోయిరి. అయినను మన తెలుగునేలమీది పేదవాని పళ్లెరమునుండి పుట్టిన ప్రశ్న లోకమెల్ల చర్చించిన ప్రశ్నయైనది.

మా వైద్యుడు మా యక్కగారిని, "అమ్మా, మీయింట జొన్నయన్నమొక్కటియేనా?" అని యడిగెను. మాయింట వరియన్నమును, పప్పును, పాలును, వారమున కొకమారు చేపలును గలవు. వైద్యుడు విస్మితుడై మూత్రము పరీక్షింపించెను. అన్నమునుండి దేహము గ్రహింపవలసిన అమైనో ఆమ్లములు మూత్రముగుండ వృథాగా పోవుచున్నట్లు తేలెను. పిల్లవాడు తినుచునేయున్నాడు, దేహమునకు అందుటలేదు. దీనికి హార్ట్‌నప్ వ్యాధియని పేరు. 1956లో లండను వైద్యులు ఆ యింటిపేరుగల కుటుంబమున దీనిని మొదట గుర్తించిరి. ఆ కుటుంబమున బిడ్డల తల్లిదండ్రులు ఒకరికొకరు దగ్గఱిచుట్టములు, తోడబుట్టినవారి బిడ్డలు. ఈ మాటను మనసున నుంచుకొనుడు. మరల దీనికి వచ్చెదను.

ఇక విషయమునకు వత్తము. మన కులవృత్తియే నాకిచ్చట తోడ్పడును. మాంసకృత్తు అనునది నూలువంటి పొడుగాటి పోగు. ఆ పోగునందలి యొక్కొక్క తునుక యొక్కొక్క అమైనో ఆమ్లము. ఇరువది రకముల తునుకలతో దేహము వేలకొలది పోగులను వడకుకొనుచున్నది. పప్పు, పాలు, గ్రుడ్డు, మాంసము తినగా, ఆ పోగులు కడుపులో తెగి మరల విడితునుకలగును. ఆ విడితునుకలను ప్రేగులోనుండి లోనికి గైకొని రక్తమున గలుపవలెను. కాని ప్రేగు లోపొరయందలి కణములచుట్టు క్రొవ్వుతోగూడిన సన్నని పొర కలదు. అమైనో ఆమ్లములు దానిని తమంతట దాటజాలవు. వానిని దాటించుటకు ఆ పొరయందే గ్రుచ్చబడిన మాంసకృత్తులు కొన్ని యున్నవి. వీనినే వాహకములందురు. మానవదేహమున పదార్థములను పొరదాటించు నిట్టి వాహకములు నాలుగువందలకు పైగా కలవు.

వానిలో ఒకదానికి బీ-జీరో-ఏటీ-ఒకటి యని శాస్త్రజ్ఞులిడిన పేరు. ఇది 634 అమైనో ఆమ్లముల పోగు. కణపుపొరను పండ్రెండుసారులు ఇటునటు దాటుచు, సూదితో కుట్టినట్లు పొరలో నిలిచియుండును. చిన్నప్రేగునందును, మూత్రపిండమునందును దీని నివాసము. ప్రేగున అన్నసారమును లోనికి దెచ్చును. మూత్రపిండమున, మూత్రములోనికి జారిన సారమును మరల రక్తమున కప్పగించును. ట్రిప్టోఫాను, ల్యూసిను మున్నగు తటస్థజాతి అమైనో ఆమ్లములు దీని సరకు.

ఇది పనిచేయు విధమును మగ్గముమీది నాడెతో పోల్చవచ్చును. నాడె కుడిప్రక్కకు బోయి యాగును, ఎడమప్రక్కకు వచ్చి యాగును. ఏకకాలమున రెండుప్రక్కల నుండదు. వాహకమును అట్లే. మొదట బయటివైపు నోరు దెఱచును. ఒక అమైనో ఆమ్లమును, దానితోగూడ ఒక సోడియము కణమును లోన గూర్చుండగనే బయటినోరు మూసికొని లోపలినోరు దెఱచును. రెండునోళ్లును ఒక్కసారి తెఱచుకొనినచో అది ద్వారముగాదు, చిల్లి యగును. అయితే నాడెను విసరుటకు నేతగాని చేయి గలదు, దీనిని నడుపునదెవరు? సోడియము. కణము తనలోని సోడియమును నిరంతరము బయటికి తోడిపోయుచుండును. అది మరల లోనికి రాదలచి త్రోసుకొనుచుండును. ఆ త్రోపుడుబలమే వాహకమును నడుపుచున్నది. సోడియమును తోడిపోయుటకు వలయు శక్తి ఏటీపీ యను పదార్థమునుండి వచ్చును. ఆ ఏటీపీని 1929లో ఫిస్కెతోగూడి కనుగొన్నవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారని చెప్పుటకు ఏ తెలుగువానికి సంతసము గలుగదు?

మా మేనల్లుని దేహమున ఈ వాహకమే చెడియుండెను. ట్రిప్టోఫాను లోనికి జాలినంత రాలేదు. దేహము ట్రిప్టోఫానునుండి నయాసినును కొంత తానే సిద్ధముచేసికొనును. అఱువది పాళ్ల ట్రిప్టోఫానునకు ఒకపాలు నయాసిన్ అని వైద్యుల లెక్క. మూలధనమే రానప్పుడు వడ్డీ యెక్కడిది? అందుచేత కలిగిన యింట పుట్టినవానికి కఱవువ్యాధి వచ్చెను. నికోటినమైడు మాత్రలు, మాంసకృత్తులు మెండుగాగల భోజనము, ఎండనుండి కాపు, ఇవియే చికిత్స. అమైనో ఆమ్లములు విడివిడిగాగాక రెండు మూడు కలిసిన తునుకలుగా నున్నప్పుడు వేరొక వాహకముద్వారా లోనికి రాగలవు. కావుననే మంచిభోజనము మేలుచేయును. ఆ కారణముచేతనే ఈ లోపముండియు ఏ బాధయు నెఱుగనివారును కలరు. కొలది వారములలో మచ్చలు మానెను. సర్పదోషము గాదు, కుష్ఠము గాదు, పూర్వజన్మపాపము గాదు. నేను వేసిన వేఱుచాప నిష్కారణమని ఆనాడు తెలిసికొంటిని.

ఇప్పుడు ప్రయోగశాల సంగతి. మన సంఘపు విద్యార్థివేతనముతో చదువుకొన్న నా శిష్యురాలొకతె హైదరాబాదున నొక ప్రయోగశాలలో పనిచేయుచున్నది. రెండేండ్లక్రింద ఆమెను జూడబోయినప్పుడు, గడ్డకట్టు చలిపెట్టెనుండి చిటికెనవ్రేలంత సీసాను దీసి, "మాస్టారూ, మీ మేనల్లుడుగారికి కొఱవడిన వాహకము ఇందులో నున్నది" అని చూపెను. సీసా అడుగున నీటిబొట్టంత ద్రవము. పైని "మానవ పునస్సంయోజిత మాంసకృత్తు; పరిశోధనకు మాత్రమే" అను నర్థమిచ్చు చీటి. నేను నిశ్చేష్టుడనై, "అమ్మా, ఇది ఏ మనుష్యునినుండి తీసిరి?" అని యడిగితిని. ఆమె నవ్వి, "ఎవరినుండియు దీయలేదండి, వ్రాత మానవునిది, నేత వేరొకరిది" అనెను.

ఆ మాటకు వివరణ మిది. మన దేహమునందలి ప్రతి మాంసకృత్తునకును ఒక వ్రాత కలదు. ఆ వ్రాతను జీను అందురు. అది డీఎన్ఏ యను పదార్థముమీద నాలుగే యక్షరములతో వ్రాయబడియున్నది. ఏ పడుగు ఎట్లు తోడవలెనో కాగితముమీద గీసికొన్న నమూనావంటిది. ఆ నమూనా నకలును దీసి వేరొక కణమున బెట్టినచో, ఆ కణము తన నూలుతో మన బట్టను నేయును. దీనినే పునస్సంయోజన మందురు. 1973లో కోహెన్, బోయరు అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విద్యకు పునాదివేసిరి. 1978లో బాక్టీరియాచేత మానవ ఇన్సులినును నేయించిరి. 1982లో అది మధుమేహరోగులకు మందుగా వచ్చెను. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఇదే విద్యచేత హెపటైటిస్-బి టీకాను సిద్ధముచేసి చౌకగా నందించినది. మన పిల్లలలో పెక్కురకు పడిన టీకాలు ఈ విద్యాఫలములే.

అయితే ఇన్సులిను నీటిలో గరగి స్వేచ్ఛగా దిరుగు చిన్నపోగు. వాహకము అట్లుగాదు; అది క్రొవ్వుపొరలో గ్రుచ్చుకొని యుండవలసినది. పొరనుండి పెఱికినచో ముడుచుకొని ముద్దయై పాడగును. కావున దీనిని నేయించుట మిక్కిలి కష్టము. సామాన్యముగా ప్రయోగశాలలయందు పెంచు మానవ మూత్రపిండ కణవంశమున దీని వ్రాతను బెట్టుదురు. వ్రాతకొసను ఒక చిన్న గుర్తుతునుకను చేర్చుదురు. అది మన బట్టకొంగున వేయు గుర్తువంటిది. కణములు పెరిగిన పిమ్మట వానిని చిదిపి, సబ్బుజాతి పదార్థముతో పొరను మెల్లగా కరగించి, ఆ గుర్తును మాత్రమే పట్టుకొను పూసలగుండ ద్రవమును పోనిత్తురు. తక్కిన వేలకొలది మాంసకృత్తులు కొట్టుకొనిపోవును. మన వాహకమొక్కటి చిక్కును. లీటర్లకొలది కణములను పెంచినను దక్కునది అత్యల్పము.

ఇంతశ్రమ పడుట యెందులకు? మూడు ప్రయోజనములు చెప్పెదను. మొదటిది, కారణము నిర్ణయించుట. 2004లో హార్ట్‌నప్ వ్యాధికి మూలమైన జీను దొరకెను. రోగులయందు కనబడిన వ్రాతతప్పులను ప్రయోగశాలలోని వ్రాతయందును ఒక్కొక్కటిగా వేసి, గుర్తుపెట్టిన ల్యూసినును ఎంత మోయుచున్నదో కొలిచిరి. సరియైన వ్రాతగల వాహకము మోసెను. తప్పువ్రాత గలది మోయకపోయెను. నేరము రుజువైనది. రెండవది, రూపమును దర్శించుట. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన తొలినెలలలోనే, చీనా దేశపు హాంగ్‌జౌ నగరమున వెస్ట్‌లేక్ విశ్వవిద్యాలయమువారు ఈ వాహకమును, ఏసీఈ-2 అను వేరొక మాంసకృత్తును ఒకే కణమున నేయించిరి. ప్రేగునందు ఏసీఈ-2 ఈ వాహకమునకు తోడునీడ. అది లేనిదే వాహకము పొరయందు సరిగా నిలువదు. కరోనా విషజీవి పట్టుకొను గడియయు ఆ ఏసీఈ-2యే. ఈ రెంటి జంటను గడ్డకట్టించి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి, విషజీవి గడియను పట్టు విధమును లోకమునకు చూపిరి. ఒక కుటుంబపు బిడ్డల మచ్చలతో మొదలైన విద్య, లోకమంతయు విలపించుచున్న వేళ నక్కఱకు వచ్చినది. ఏ విద్య యెప్పు డక్కఱకు వచ్చునో ఎవరు చెప్పగలరు?

మూడవది, మందులను వెదకుట. ఫినైల్‌కీటోన్యూరియా యను వేరొక వంశవ్యాధియందు ఫినైలలనిన్ అను నమైనో ఆమ్లము రక్తమున పేరుకొని శిశువు మెదడును చెఱచును. మన వాహకమును కొంచెము నెమ్మదింపజేసినచో ఆ ఫినైలలనిన్ మూత్రమున బోవునుగదా యని శాస్త్రజ్ఞులు తలచి, అట్టి మందులను మనుష్యులయందును పరీక్షించుచున్నారు. ఒకరి లోపము మఱియొకరికి ఔషధమార్గమైనది.

ఇచ్చట నొక హెచ్చరిక. ఆ సీసాలోని పదార్థము మందు గాదు. త్రాగినచో పప్పువలె జీర్ణించిపోవును. సూదితో నెక్కించినను ప్రేగుకణపు పొరయందు చేరి నిలువజాలదు. "మానవ మాంసకృత్తు" అను మాటను జూపి ఎవరైన చూర్ణములమ్మజూచినచో నమ్మకుడు. రోగికి వలసినవి చవుకయైన విటమిన్ మాత్రలును, మంచి భోజనమును, ఇరుగుపొరుగుల దయయును.

సోదరులారా! ఇక నేను చెప్పవలసిన అసలుమాట. ఈ వ్యాధి వచ్చు విధము వినుడు. ప్రతి జీనును మనకు రెండు ప్రతులు గలవు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఒకటి చెడినను రెండవది పని గడుపును. అట్టివాడు ఆరోగ్యవంతుడే, కాని చెడుప్రతిని దాచియుంచుకొన్నవాడు. ఇట్టి దాగిన తప్పులు నాయందును, మీయందును, ఎల్లవారియందును కొన్ని గలవు. ఇందు సిగ్గుపడవలసినదేమియు లేదు. ఒకే తప్పును దాచియున్న యిద్దఱు దంపతులైనచో, ప్రతి కాన్పునను నాలుగింట నొకవంతు బిడ్డకు రెండుప్రతులును చెడినవే రావచ్చును. ఒక తాతయందు అట్టి తప్పొకటి యున్నదనుకొనుడు. అతని కొడుకు కూతుళ్ల బిడ్డలు మేనరికము చేసికొనినచో, వారికి పుట్టు శిశువునకు ఆ వ్యాధి వచ్చు నవకాశము అఱువదినాలుగింట నొకటి. మేనమామయే మేనకోడలిని వివాహమాడినచో ముప్పదిరెంటింట నొకటి. ఇది ఒక్క తప్పునకు మాత్రమే, దాగినవి పెక్కు. అందుచేతనే దగ్గఱిసంబంధములయందు పుట్టుకతో వచ్చు వ్యాధులు హెచ్చు. అయినను అట్టి దంపతులలో అధికసంఖ్యాకులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే పుట్టుచున్నారు. భయపెట్టుట నా యుద్దేశము గాదు; లెక్క చెప్పుటయే.

శాస్త్రమేమన్నదని పెద్దలు నన్నడుగుచుందురు. స్మృతికారులు సపిండవివాహమును నిషేధించిరి. యాజ్ఞవల్క్యుడు తల్లివైపు అయిదుతరములు, తండ్రివైపు ఏడుతరములు దాటవలెననెను. మేనరికము దాక్షిణాత్యుల యాచారమని బౌధాయనుడు తన ధర్మసూత్రములయందు ప్రత్యేకముగా పేర్కొనెను. అనగా నిది మనకు పూర్వాచారమే, కాని ఎల్ల ఋషులు విధించిన ధర్మము గాదు; దేశాచారము. మనము సగోత్రమును మిక్కిలి జాగ్రత్తగా వర్జింతుము. కాని గోత్రము తండ్రివరుసను మాత్రమే చూచును. మేనమామ గోత్రము వేఱు. రక్తము మాత్రము మనదే. గోత్రపు కన్నుగప్పి రక్తము తల్లిత్రోవను వచ్చుచున్నది. ఈ చిన్నభేదమును గుర్తించుటకు వేదవేదాంగములు చదువ నక్కఱలేదు.

2007లో మా అక్కగారు తన కుమారునకు నా కుమార్తె నడిగిరి. వాడు ఇరువదితొమ్మిదేండ్లవాడు, సుగుణవంతుడు, స్వయముగా బట్టలదుకాణము నడుపుకొనుచున్నవాడు. వానియందు నాకు చిన్ననాటి ఋణమొకటి యున్నది. బంధువులందఱు ఆ సంబంధమునే కోరిరి. నేను రాత్రియెల్ల కాగితముమీద లెక్క వేసికొంటిని. వాని రెండుప్రతులును చెడినవి. వానినుండి బిడ్డకు చెడుప్రతియే వచ్చును. మా తల్లిగారి వంశమునుండి ఆ తప్పు నాకు వచ్చియుండుటకు సగమవకాశము. నానుండి నా కుమార్తెకు అందులో సగము. ఆమెనుండి బిడ్డకు మరల సగము. ఎనిమిదింట నొకటి. ఆ చాప మరల నా కన్నులయెదుట గట్టెను. ఈయనని చెప్పితిని.

మా అక్కగారు, "ఒరే తమ్ముడా, నాడు నా బిడ్డను బడిలో వేఱుగా గూర్చుండబెట్టితివి, నేడు నీయింట వేఱుచేసితివా?" అనెను. ఆమె నాలుగేండ్లు నాతో మాటలాడలేదు. ఆ మాటలో న్యాయముండెనని నేనెఱుగుదును. వానియందు దోషమున్నదని నేననలేదు. మా యిద్దఱి రక్తమును ఒకటే యని యంటిని. కాని నలుగురిలో మాట వేఱుగా వినబడినది. తుదకు మా మేనల్లుడే, "అమ్మా, మామయ్య నన్ను కాదనలేదు, లెక్కను జూచినాడు" అని ఆమెను శాంతింపజేసెను. వాడు వేఱుయూరి కన్యను, వేఱు కుటుంబమునుండి వివాహమాడెను. ఇద్దఱు బిడ్డలు గలరు. ఇద్దఱును ఎండలో నాడుకొనుచున్నారు. నేడు వాడు ఈ సభయందే కూర్చుండియున్నాడు. వాని యనుమతితోనే ఈ కథ చెప్పితిని.

కావున సంఘమువారికి నేను చేయు మనవులు మూడు. మొదటిది: మేనరికమును నిషేధింపుడని నేనడుగను, నిషేధముచే ఏ యింటను పెండ్లి యాగదు, దాపరికము మాత్రము పెరుగును. మన వివాహవేదిక పుస్తకమున నక్షత్రము, గోత్రముల ప్రక్క మఱియొక పంక్తి చేర్చుడు: దగ్గఱిసంబంధము తలపెట్టిన కుటుంబము ముందుగా వైద్యుని గలిసి, వంశమున బిడ్డల మరణములు, వంశవ్యాధులు గలవేమో చెప్పి సలహా పొందవలెనని సూచింపుడు. రెండవది: ఇట్టి బిడ్డ పుట్టినయింట కోడలిని నిందింపకుడు. చెడుప్రతి యొకటి తండ్రినుండియు వచ్చినది. నాలుగింట నొకటి యను లెక్కకు అత్తగారిని గాని కోడలిని గాని కారణము జేయుట అజ్ఞానము. బిడ్డకు వేఱుచాప వేయకుడు. ఆ తప్పు నేను చేసితిని, చాలును. మూడవది: నా శిష్యురాలివంటివారిని మన విద్యార్థివేతననిధి యింకను పంపవలెను. ఆమె తండ్రి గుంటమగ్గముమీద నేసినవాడు. ఆమె ప్రయోగశాలలో వాహకమును నేయుచున్నది. సంఘమువారు ఆమెకిచ్చినది మూడేండ్ల పుస్తకములఖర్చు మాత్రమే. దాతలారా, ఇంతకంటె మంచి వడ్డీ ఏ బాంకిచ్చును?

మన పెద్దలు బట్టలో ఒక పోగు తెగినచో, బట్టను పారవేయలేదు, నేతగానిని తిట్టలేదు. తెగినచోటు వెదకి, కొనలు గలిపి, ముడివేసి, మరల నాడె విసరిరి. ఆ నిదానము మనకు వృత్తిగతము. వంశమునందలి తెగిన పోగులయెడను అదే నిదానమును, అదే దయను చూపుదుముగాక.

నాయన, నాడు నీవడిగిన ప్రశ్నకు బదులిది: నీవేమియు తప్పుచేయలేదు. తప్పు వ్రాతది, అవమానము మాది.